మూత తీసి విన్న మోటారు

మహిళా హాస్టలు,
రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల

గౌరవనీయులైన వదిన గారికి,

నా మీద మోపిన అభియోగం అసూయ. మోపినవాడు అన్నయ్య. ఆధారం, హాస్టలు ఫోనులో నేను అన్న ఒకే ఒక్క మాట: "మోటారు వదిన చేతికిచ్చారా?" ఆ మాట అనగానే ఫోను పెట్టేశానట. పెట్టేసిన మాట నిజమే. ఆ ఫోను వార్డెనమ్మ కుర్చీకి మూరెడు దూరంలో ఉంటుంది. అక్కడ నిలబడి పోట్లాడడం ఎంతటి వక్తకైనా అసాధ్యం. అందుకని కాగితం మీదికి వచ్చాను. ఇక్కడ గంట కొట్టి నన్ను కూర్చోబెట్టేవారు లేరు.

ఇక నా జవాబు. తనది కానిదాన్ని చూసి కుళ్ళుకోవడాన్ని అసూయ అంటారు. తనదాన్ని తనదని చెప్పుకోవడానికి వేరే పేరుంది, అది హక్కు. నాన్న ఆ మూడు సిలిండర్ల మోటారును పాతసామాన్ల కొట్టు నుంచి తెచ్చి, లోపలి దారులు అరగదీసి వెడల్పు చేసి, దానితో పాటు వచ్చిన కార్బరేటర్లను పీకి పారేసి, మోటారుసైకిళ్ళవి మూడు ఒకదాని కింద ఒకటి బిగించిన రోజున పక్కన దీపం పట్టుకున్నది నేను. పడవ మోటారుకు మోటారుసైకిలు ఊపిరితిత్తులేమిటని రేవంతా నవ్వినప్పుడు, ఆ మూడింటికీ పెట్రోలూ గాలీ ఏ పాళ్ళలో కలవాలో చెవితో విని కుదిర్చిందీ నేనే. "ఈ ముగ్గురూ తోడికోడళ్ళమ్మా, ఒక్కసారిగా ఊపిరి తీస్తే తప్ప ఇల్లు నడవదు" అని నాన్న అంటే, ఆ ముగ్గురి మధ్యా రాజీ కుదిర్చిన పెద్దమనిషిని నేను. "చిన్నదాని చెవి ఇంకెవరికీ రాదు" అని ఆయన పదిమందిలో చెప్పారు. ఈ మాటకు సాక్షులు కావాలంటే రేవులో వలలు బాగుచేసుకునే వాళ్ళందరినీ పిలవగలను.

మీరు ఆసుపత్రిలో నర్సు. మీ లోకం మీకుంది, మీ పనితనం మీద నాకు ఎంతో గౌరవం. ఆ గౌరవం చెక్కుచెదరకుండా ఉండాలంటే ఒక్క పని చేయండి. కార్బరేటరు పక్కన ఇత్తడి గాలి స్క్రూ ఉంటుంది. దాన్ని పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పాలి. మూడింటికీ అదే. నేను కుదిర్చి వచ్చిన లెక్క అది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. వేసవిలో పడవల పందెం నాటికి నాకు సెలవులు వస్తాయి. పందెం రోజున మోటారు దగ్గర నిలబడేది నేను.

ఇట్లు,
అసూయ ఎరుగని మీ ఆడపడుచు


ఇల్లు, షెడ్డు పక్క వరండా

లాయరమ్మకు,

నీ "గౌరవనీయులైన" వినగానే మీ అన్నయ్యకు పొలమారింది. పెళ్ళినాటి నుంచి నన్ను నువ్వు అనే పిల్ల ఇవాళ మీరు అంటోందంటే ఎక్కడో కొంప మునిగిందన్నమాటే.

నీ హక్కు నేనేమీ లాక్కోలేదు తల్లీ. జరిగింది చెబుతాను, విని తీర్పు చెప్పు. మామయ్యకు కుడి చెవి పోయింది. ఎడమది కూడా అంతంత మాత్రమే. పరీక్ష నేనే చేయించాను. జీవితమంతా మోటార్ల పక్కన గడిపిన చెవికి ఇంతకంటే ఏం మిగులుతుందన్నారు మా డాక్టరు. నీకు చెబితే చదువు మానేసి వచ్చేస్తావని మామయ్యే నోరు మెదపవద్దన్నారు. ఇప్పుడు నువ్వే ఒంటికాలి మీద లేచావు కాబట్టి చెప్పక తప్పలేదు.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి మోటారును నీళ్ళ తొట్టికి తగిలించి నడుపుతూ "చిన్నదీ, ఒకసారి విను" అని కేకేశారు. నువ్వు లేవన్న సంగతి అరిచాక గుర్తొచ్చింది. ఆ మొహం చూడలేక నేనే దగ్గరికి వెళ్ళాను. సంచీలో స్టెతస్కోపు ఉంది. గుండె మీద పెట్టే బిళ్ళ ఊడదీసి, ఉత్త గొట్టాన్ని ఒక్కో కార్బరేటరు మూతి దగ్గర పెట్టి విన్నాను.

"ఏం వినిపిస్తోందమ్మాయ్?"

"పై రెండూ బాగానే బుసకొడుతున్నాయి మామయ్యా. కిందది ఆయాసపడుతోంది" అని ఎడమ చెవి దగ్గర అరిచాను.

"మోటారుకు ఆయాసమేంటే!"

"మా వార్డులో మూడో మంచం తాతగారు అచ్చం ఇలాగే పీలుస్తారు."

ఆయన తొట్టి అంచు పట్టుకుని పడీపడీ నవ్వారు. "అయితే మందెయ్యి డాక్టరమ్మా" అని స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టారు. అంతే. పట్టాభిషేకాలేమీ జరగలేదు.

ఈ ఇంట్లో అత్తగారు లేని లోటు ఆ మోటారు తీరుస్తోంది. దగ్గరికెళితే గుర్రు, దూరంగా ఉంటే అలక. కార్బరేటర్లలో నలుసులు చేరాయని తోడికోడళ్ళు ముగ్గురినీ విప్పి కడిగాను. మళ్ళీ బిగించేటప్పుడు నీ ఒకటిన్నరే పెడతాను. మాటంటే మాటే.

కానీ ఒకటి అడుగుతాను. నేను ఏ పని చేసినా "చిన్నదుంటే ఈపాటికి అయిపోయేది" అంటారు మీ నాన్న. స్క్రూ పట్టుకున్నా అదే, చీపురు పట్టుకున్నా అదే. మూడు పూటలా నాకు ఈ ఇంట్లో వడ్డించేది నీ పేరే. ఇప్పుడు చెప్పు, అసూయ ఎవరికుండాలి?

నీ వదిన


మహిళా హాస్టలు,
అదే బల్ల

వదిన గారికి,

మీ ఉత్తరంలో రెండు వార్తలున్నాయి. ఒకటి నాన్న చెవి. రెండోది, ఆ చెవి సంగతి నాకంటే ముందు మీకు తెలియడం. ఏది ఎక్కువ బాధించిందని అడగకండి. ఇంతవరకు ఏ ప్రశ్నకూ తప్పించుకునే జవాబు చెప్పిన అలవాటు నాకు లేదు, ఇప్పుడు చేసుకోలేను.

ఆయన చెవి తగ్గుతోందని నేను గమనించి ఉండవలసింది. గమనించలేదు. నేను చెప్పేదే ఆయన వింటున్నారనుకున్నానే గాని, వినిపిస్తోందా అని చూడలేదు. ఈ ఒక్క వాక్యం మీ దగ్గరే ఉండనివ్వండి. అన్నయ్యకు చదివి వినిపించకండి.

మొన్న అంతర్ కళాశాలల పోటీలో "యంత్రం మనిషిని సోమరిని చేస్తోంది" అన్న అంశం మీద వ్యతిరేకంగా మాట్లాడాను. గుక్క తిప్పుకోకుండా గెలిచాను. చప్పట్లు మోగుతుంటే నా కళ్ళ ముందు కప్పు లేదు. మీ చెవుల్లోంచి వేలాడుతున్న గొట్టం ఉంది. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని పక్క మంచం పిల్ల ఫిర్యాదు. "ఎవరినే అలా నమిలేస్తున్నావు?" అని అడిగింది. నిజం చెప్పలేదు.

ఇక స్టెతస్కోపు సంగతి. మోటారును వినడానికి గొట్టాలు అక్కర్లేదు. పక్కన నిలబడితే ఒళ్ళంతా చెవి కావాలి. నేను అలా విన్నాను. గొట్టంతో వినేవారికి ఒక్కో కార్బరేటరు విడివిడిగా వినిపిస్తుంది, మూడూ కలిసిన శబ్దం వినిపించదు. దీనికి మీ దగ్గర జవాబుంటే రాయండి. లేకపోతే గొట్టాన్ని మూడో మంచం తాతగారికి తిరిగి ఇచ్చేయండి.

మరొక సంగతి. "ఏం వినిపిస్తోందమ్మాయ్" అని నాన్న మిమ్మల్ని అడిగారని రాశారు. నన్ను ఏనాడూ అలా అడగలేదు. "అయిందా?" అనేవారు, నేను "అయింది" అనేదాన్ని. అడగవలసిన అవసరమే రాలేదని దాని అర్థం. మీరు మరోలా అర్థం చేసుకోకండి.

ఒకటిన్నర. ఒకటింపావు కాదు, రెండూ కాదు.

మీ ఆడపడుచు


ఇల్లు, వంటగది

అమ్మాయీ,

పరీక్షల మధ్యలో ఉన్నావు, పొడుగ్గా రాయను.

నిన్న రేవులో పందేనికి ముందు చేసే సరదా పరుగు పెట్టుకున్నారు. మూడు పడవలు. తొట్టిలో నడిపినప్పుడు మన మోటారు హాయిగా పాడింది. మోటారు మీది మూత బిగించి పడవకు తగిలించాం. మామయ్య ఎక్కారు. ఒడ్డు నుంచి రుమాలు ఊపగానే మిగతా రెండూ దూసుకుపోయాయి. మనది ఒక్కసారి గుర్రుమని, నల్లటి పొగ కక్కి, వెనక్కి కూలబడి ఆగిపోయింది. ఆయన తాడు లాగారు. లాగారు. లాగుతూనే ఉన్నారు. చివరికి తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకొచ్చారు.

"ఏం పెద్దాయనా, తెడ్ల పందేనికా వచ్చావు?" అన్నాడు ఐసు ఫ్యాక్టరీవాడు.

మామయ్య వాడి వైపు చూడలేదు. నా వైపు చూశారు. "ఎవరు తిప్పారు దీన్ని?"

"నేనే మామయ్యా."

"బుర్రుందా? చెవులకు గొట్టాలు తగిలించుకోగానే సరా? ఊపిరాడక చచ్చింది మోటారు! నడిసముద్రంలో ఇలా ఆగితే?" ఇంకా చాలా అన్నారు. రేవంతా వింది.

ఇంటికొచ్చాక, ఈసారి పందేనికి పేరివ్వను అన్నారు. చెవి లేనివాడికి పందెమేమిటట. నెలాఖరు దాకా గడువుంది, చూద్దాం.

నువ్వు బాగా రాయి.

వదిన


మహిళా హాస్టలు,
పరీక్షలు ముగిసిన సాయంత్రం

వదిన గారికి,

ఈసారి అభియోగం మోపేది నేను.

మీరు నా లెక్క మార్చారు. మారుస్తారని మొదటి రోజునే అనుకున్నాను, రాయడానికి మర్యాద అడ్డొచ్చింది. నేను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రుమాలు ఊపిన మరుక్షణం ఆ పడవ ముక్కు పైకెత్తి ఉరికింది. ఒక్కసారైనా తడబడలేదు. నేను వచ్చేశాక, మీ చేతిలో, మొదటి పరుగులోనే ఆగిపోయింది. మారింది ఏమిటి? మోటారు అదే. పెట్రోలు అదే. నాన్న ఆయనే. మారింది చెయ్యి ఒక్కటే. ఈ తర్కాన్ని ఖండించడానికి మీకు అవకాశం ఇస్తున్నాను, ఖండించగలరన్న నమ్మకం మాత్రం లేదు.

"నేనే మామయ్యా" అని ఒప్పుకున్నారట. ఎంత నిజాయితీ! ఒకటిన్నర పెడతానని నాకు మాటిచ్చి, మీ గొట్టం చెప్పింది విని మరేదో పెట్టి, ఆయనను ఐసు ఫ్యాక్టరీవాడి నోట్లో పడేసి, ఆ తర్వాత తల వంచుకుని నిలబడడం గొప్ప త్యాగంలా రాశారు. ఆయన తెడ్డు వేసుకుంటూ వచ్చిన దృశ్యం నేను చూడలేదు. చూడకుండానే కళ్ళు మూసినప్పుడల్లా కనిపిస్తోంది.

సంతోషించానని కూడా చెప్పాలి. మీ ఉత్తరం చదివాక మొదట కలిగింది బాధ కాదు. "నేను లేకపోతే కుదరదు" అన్న సంతోషం. సిగ్గుపడవలసిన సంతోషమే. అయినా అది నాది, దాస్తే అబద్ధమవుతుంది.

స్క్రూడ్రైవరు నాన్నకు తిరిగి ఇచ్చేయండి. నేను వచ్చేవరకు మోటారు మీద గుడ్డ కప్పి ఉంచండి. పందేనికి పేరివ్వమని ఆయనకు చెప్పండి. చిన్నది వస్తోందని చెబితే ఇస్తారు.

మీ ఆడపడుచు


ఇల్లు, షెడ్డు

అమ్మాయీ,

ఇది రాయకూడదనే అనుకున్నాను. నీ ఉత్తరం రాకపోతే రాసేదాన్ని కాదు.

నేను నీ లెక్క మార్చలేదు. మూడింటికీ ఒకటిన్నర పెట్టాను, నీ ఉత్తరం పక్కన పెట్టుకుని, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఆగిపోయింది నీ ఒకటిన్నరే.

కడగడానికి విప్పేముందు స్క్రూలు ఎంత తిరిగి ఉన్నాయో చూశాను. దాదాపు రెండు చుట్లు. కుదుపులకు కదిలాయేమో, చిన్నది చెప్పిందే సరైనదనుకున్నాను. రేవులో తిట్లు తిన్న మర్నాడు మామయ్యనే అడిగాను, ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి.

"విప్పినప్పుడు రెండున్నాయి. చిన్నది ఒకటిన్నర అంటోంది. ఏది సరి మామయ్యా?"

ఆయన చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టారు. "రెండూ సరే."

"అదెలా?"

"చిన్నది మోటారు మూత తీసి వింటుంది. మూత లేనప్పుడు లోపలికి గాలి బోలెడు. అప్పుడు ఒకటిన్నరే సరి, దాని చెవిలో తప్పు లేదు. మూత బిగిస్తే గాలి తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువై ఉక్కిరిబిక్కిరవుతుంది. మూత లేకుండా నీళ్ళమీదికి వెళ్ళం కదా. అందుకని మూత పెట్టి నడిపి, తీసి, కాస్త గాలి వదిలి, మళ్ళీ పెట్టి చూడాలి. విసుగు పని. దానికి అంత ఓపికెక్కడిది?"

"మరి ఇన్నాళ్ళూ?"

"అది లోపలికెళ్ళాక నేను సరిచేసేవాణ్ణి."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ."

"చెప్పలేదా దానికి?"

"ఎలా చెప్పనమ్మా! 'అయిపోయింది నాన్నా' అని స్క్రూడ్రైవరు నా జేబులో గుచ్చి, ఏనుగునెక్కినట్టు నడుచుకుంటూ పోయేది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. కాలేజీకి వెళ్ళిపోయింది. నువ్వు కూడా చెప్పకు."

"అంటే మొన్న ఆగిపోయింది ఆ లెక్కతోనే. మరి అంతమందిలో నన్ను తిట్టారే?"

"నిన్ను తిడితే నేర్చుకుంటావు."

ఎంత తేలిగ్గా అన్నారో! నాకు ఒళ్ళు మండింది. నీ తప్పును ఏళ్ళ తరబడి జేబులో దాచుకున్న మనిషి, నాది కాని తప్పుకు నా మీద రేవంతా వినేలా అరిచాడు. పుట్టింట్లో గాని ఇక్కడ గాని నా తప్పును ఇలా నాకే తెలియకుండా దిద్దినవాళ్ళు ఒక్కరూ లేరు. అవును, నాకు నీ మీద అసూయే. తర్కంతో పని లేదు, నేరుగా ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు మూత పెట్టి, తీసి, పెట్టి, తీసి కుదిర్చాను. మోటారు బాగుంది. ఆయనే బాగా లేరు. పందెం మాటెత్తితే అటు తిరిగి కూర్చుంటున్నారు, కుడి చెవి నా వైపు పెట్టి.

స్క్రూడ్రైవరు తిరిగి ఇవ్వను. కావాలంటే వచ్చి తీసుకో.

వదిన


మహిళా హాస్టలు,
ఖాళీ అయిన గది

షెడ్డులో కూర్చున్న సభకు,

ఈ ఉత్తరం వదిన గట్టిగా చదవాలి. నాన్న ఆమెకు ఎడమ చెవి ఇచ్చి కూర్చోవాలి. అన్నయ్య మధ్యలో నవ్వకూడదు.

వదినా, నీ ఉత్తరాన్ని నమ్మలేదు. ఖండించి తీరాలని హాస్టలు వెనక జనరేటరు దగ్గరికి వెళ్ళాను. దానికీ ఒక కార్బరేటరు, పైన ఒక రేకు మూత ఉన్నాయి. కాపలాదారును బతిమాలి మూత తీయించి, స్క్రూ తిప్పి, చక్కగా కుదిర్చాను. మూత బిగించగానే దగ్గి, పొగ వదిలి, గదులన్నింటిలో దీపాలు ఆర్పింది. రెండంతస్తుల ఆడపిల్లలు ఒక్క గొంతుతో తిట్టారు. మూత పెడుతూ తీస్తూ మళ్ళీ కుదిర్చేసరికి చేతులు కాలాయి, చొక్కా నల్లబడింది. నాకు ఇంతకాలం తెలిసిన పని సగం పనేనని ఆ రోజు తెలిసింది. నీ మీద మోపిన అభియోగాన్ని ఉపసంహరించుకుంటున్నాను. క్షమాపణ వచ్చి ఎదురుగా చెబుతాను. కాగితం మీద మరీ సులువుగా వస్తోంది, దాన్ని నేను నమ్మను.

అసూయ మాత్రం తగ్గలేదు. నీ చేతిలో స్క్రూడ్రైవరు ఉందని ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఇప్పుడు ఏడుస్తున్నది వేరే దానికి. నాన్న నిన్ను తిట్టారు. "బుర్రుందా?" అన్నారు. నువ్వు నేర్చుకోగలవని నమ్మి తిట్టారు. "ఏం వినిపిస్తోంది?" అని అడిగి, నీ జవాబు కోసం ఆగారు. నన్ను "అయిందా?" అని మాత్రమే అడిగారు, ఎందుకంటే నేను ఏం చెప్పినా తర్వాత ఆయనే చూసుకుంటారు. ఆ తిట్లలో ఒక్కటి నాకు పడి ఉంటే, ఈపాటికి నేను నీకంటే బాగా కుదిర్చేదాన్ని. వదినా, నీకు దక్కిన ఆ అరుపుల మీద నాకు ఎంత అసూయగా ఉందో నువ్వు ఊహించలేవు. నువ్వేమో నాకు దక్కిన ముద్దును చూసి ఏడుస్తున్నావు. మనిద్దరిలో ఎవరు తెలివితక్కువవాళ్ళో అన్నయ్య తేల్చనవసరం లేదు.

నాన్నా, ఇక నీతో. నువ్వు నన్ను మోసం చేశావని అనను. మురిపెం చేశావు. కానీ ఆ మురిపెంతోనే నేను వేదికలెక్కి, నా చెవికి తిరుగులేదనుకుంటూ, నీ చెవి పోతున్న సంగతి కూడా వినకుండా బతికాను. చెవి లేనివాడికి పందెమేమిటని అన్నావట. ఆ షెడ్డులో నీకు రెండు జతల చెవులున్నాయి. ఒకటి గొట్టం తగిలించుకున్నది, ఒకటి గర్వం తగిలించుకున్నది. రెండోదాన్ని మరమ్మతు చేయడం నీ పని.

కాబట్టి సభ ముందు నా డిమాండు పెడుతున్నాను. నెలాఖరులోగా పందేనికి పేరివ్వాలి. పందెం రోజున మోటారు వదినది, అందులో వాదన లేదు. దానికి ముందు, నేను వచ్చిన రోజున, మూడు స్క్రూలూ పూర్తిగా బిగించి నా ముందు పెట్టాలి. నేను కుదిరిస్తే, మూత బిగించి, నువ్వూ నేనూ వదినా ఎక్కి, రేవులో వాళ్ళందరూ చూస్తుండగా నీళ్ళమీదికి వెళ్ళాలి. అది ఆగిపోతే నువ్వు నా వెనక స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి వీల్లేదు. వదినను తిట్టినట్టే, ఐసు ఫ్యాక్టరీవాడికి కూడా వినిపించేలా, నన్ను తిట్టాలి. మళ్ళీ ఆగితే మళ్ళీ తిట్టాలి. కుదిరేదాకా తిట్టాలి.

ఒప్పుకుంటారా, ఒప్పుకోరా? ముగ్గురూ జవాబు చెప్పాలి. నాన్న జవాబు వదిన చేత రాయించకుండా, ఆయన చేతి రాతలోనే కావాలి.